బుగ్గ మీద గరుకు

హైదరాబాద్‌లో డిసెంబరు రెండో వారం. కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. పొద్దున్న ఏడున్నర అయింది. అమ్మమ్మ గీజర్ కట్టేసి, బాత్రూమ్‌లో పీట వేసుకుని కూర్చుంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని కాళ్లు రెండూ బారజాపింది. మీరు గుమ్మం దగ్గరే నిలబడండి, లోపల ఇంకొకరికి చోటు లేదు. బకెట్‌లోంచి ఆవిరి లేస్తోంది. పక్కన చిన్న గిన్నెలో శనగపిండి, పెసరపిండి కలిపిన నలుగు. ఇంకో గిన్నెలో కాచిన కొబ్బరినూనె. హాల్లో సాంబ్రాణి వెయ్యడానికి నిప్పులు సిద్ధంగా ఉన్నాయి.

ఐదు నెలలు నిండిన మనవణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. తెనాలిలో సొంత పిల్లలు, తోడికోడళ్ల పిల్లలు, పక్కింటి పిల్లలు, అందరూ ఈ కాళ్ల మీద లాల పోసుకున్నవాళ్లే. ఎడమ చెయ్యి మెడ కిందికి ఎప్పుడు వెళ్లిందో మీకు తెలీదు. నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి నీళ్లు వంచితే ఒక్క చుక్క కంట్లో పడదు. "లాల పోసుకుందామా బంగారు తండ్రీ" అంటూనే చెవుల వెనక, మెడ మడతల్లో, చంకల్లో వేళ్లు తిరిగొస్తాయి.

ఇప్పుడు కాస్త వంగి బాబు మొహం చూడండి. బుగ్గలు రెండూ కందిపోయి ఉన్నాయి. పుస్తకాల్లో తెల్లతోలు పిల్లల ఫొటోల్లో కనిపించే ఎరుపు కాదు. చామనఛాయ ఒంటి మీద ఈ మంట ముదురు గోధుమరంగుగానో, ఊదా కలిసిన బూడిదరంగుగానో తేలుతుంది. ఫొటోతో పోల్చుకుని "మా వాడికి ఇది కాదులే" అనుకునేవాళ్లు అందుకే ఎక్కువ. రంగుని నమ్ముకోకండి. చూపుడు వేలి వెనకవైపుతో బుగ్గని మెల్లగా తాకండి. గరుకు. పైన సన్నటి పొట్టు. కుడి బుగ్గ మీద ఒకచోట చిట్లి, తడి ఊరి, ఆరింది. అదే వేలిని ముక్కు మీదికి తీసుకెళ్లండి. నున్నగా జారిపోతుంది. ముక్కునీ దాని పక్కలనీ ఈ జబ్బు సాధారణంగా ముట్టుకోదు. మాడు మీద, చేతులకీ కాళ్లకీ బయటివైపున మళ్లీ గరుకే తగులుతుంది. డైపర్ విప్పి చూస్తే లోపల చర్మం నిక్షేపంగా ఉంది. ఎప్పుడూ తడి తగిలే చోట చర్మం ఎండిపోదు కదా. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక భాగం పట్టుకునేది కాస్త పెద్దయ్యాక. పసి వయసులో దీని మొదటి మకాం బుగ్గలే.

నీళ్లు పడగానే బాబు కెవ్వుమన్నాడు. అమ్మమ్మకి ఆ వేడి వేడిగా అనిపించదు. నలుగు రుద్దింది. బుగ్గలు ఇంకా కందాయి. తువ్వాలుతో గట్టిగా తుడిచి, పౌడర్ అద్ది, సాంబ్రాణి పొగ పట్టి, కుడి బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టి తల్లి చేతికి ఇచ్చింది. పావుగంట గడిచేసరికి ఒళ్లు బిర్రబిగుసుకుపోయింది. వాడు తల్లి భుజానికి మొహం ఆనించి అటూ ఇటూ రాపాడిస్తున్నాడు. ఈ వయసులో గోళ్లతో గోక్కోవడం ఇంకా పూర్తిగా చేతకాదు. దుప్పటికి రుద్దుకుంటారు, ఎత్తుకున్నవాళ్ల చొక్కాకి రుద్దుకుంటారు, ఒక కాలితో ఇంకో కాలిని రాసుకుంటారు. దురద ఉందని పిల్లలు చెప్పే తీరు అది. రాత్రి రెండింటికి దుప్పటి మీద బుగ్గ రాసుకునే చప్పుడుకే మెలకువ వస్తోందంటుంది తల్లి.

వంటింట్లో ఫోన్ మోగింది. నాయనమ్మ. స్పీకర్‌లో గొంతు వినండి: "పిల్లాడికి బాగా వేడి చేసిందమ్మా. వంకాయ తిన్నావేమో చూసుకో." తల్లి మాట్లాడదు. వంకాయ మానేసి నెల దాటింది. తర్వాత గోంగూర మానేసింది, ఆ తర్వాత గుడ్డు, చేపలు, పెసరపప్పు, చివరికి పాలు. ఒక్కో ఫోనుకి ఒక్కో కూర పళ్లెంలోంచి పోయింది. బాబు బుగ్గలు మాత్రం అలాగే ఉన్నాయి.

నన్ను అడిగితే, ఈ ఇంట్లో ప్రేమకి ఏ లోటూ లేదు. చేతుల్లో నేర్పు కూడా ఉంది. ఆ చేతుల్ని పక్కకి తప్పించి చేసే వైద్యం ఏదీ ఇక్కడ నిలబడదు, అమ్మమ్మ చేతుల్లోంచే అది జరగాలి.

పదకొండు గంటలకి పిల్లల చర్మవ్యాధుల ఓపీ. టోకెన్ చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చోండి. మన వంతు వచ్చేలోపు పక్కవాళ్లని చూస్తే చాలా తెలుస్తుంది.

ఎడమ పక్కన నెలన్నర పాప. మాడు మీద పసుపుపచ్చటి జిడ్డు పెచ్చులు, కనుబొమల్లోనూ, చెవుల వెనకా, మెడ మడతల్లోనూ అవే. గజ్జల్లో కూడా ఉందని తల్లి చెబుతోంది. పాప మాత్రం ఏ చీకూ చింతా లేకుండా నిద్రపోతోంది. అది సెబోరిక్ డెర్మటైటిస్. పుట్టిన కొన్ని వారాలకే వస్తుంది, పెద్దగా దురద ఉండదు, కొన్ని నెలల్లో చాలావరకు దానంతటదే పోతుంది. నూనె రాసి నానబెట్టి మెత్తటి బ్రష్షుతో దువ్వితే పెచ్చులు ఊడతాయి, గిల్లి పీకకూడదు.

ఎదురు బెంచీ మీద తొమ్మిది నెలల బాబు, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు. తల్లి కూడా వేళ్ల సందుల్లో గోక్కుంటోంది, పక్కనున్న అక్క నడుము గోక్కుంటోంది. దురద రాత్రిపూట రెట్టింపట. ఇంట్లో ఒకరి వెనక ఒకరికి వచ్చిందంటే ముందు గజ్జినే అనుమానించాలి. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. మన బాబుకున్నది అంటుకునేది కాదు, ఎవరైనా ఎత్తుకోవచ్చు, ముద్దాడొచ్చు. ఆ మూల ఇంకో పాప ఉంది, చలికాలం కదాని టోపీ, రెండు స్వెటర్లు, పైన శాలువా. మెడ చుట్టూ సన్నటి పొక్కులు. విప్పి చూస్తే చెమటకాయలు. డిసెంబరులోనూ వస్తాయి, ఉక్కపోసేలా చుడితే.

లోపల డాక్టరమ్మ బాబుని వెలుతురు వైపు తిప్పుకుంది. ఆవిడా వేలి వెనకవైపుతోనే తాకి చూసింది. ప్రశ్నలు మూడు నాలుగే. ఎప్పుడు మొదలైంది? మూడో నెలలో. రుద్దుకుంటాడా? రాత్రంతా. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు? తండ్రికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. తల్లికి ఇప్పటికీ పొద్దున్న లేస్తే తుమ్ములు. పాలు బాగా తాగుతున్నాడా? బరువు పెరుగుతున్నాడా? రెండూ బాగున్నాయి. ఆ చివరి ప్రశ్న మామూలుది కాదు. పుట్టిన తొలి వారాల్లోనే ఒళ్లంతా పాకి, బరువు పెరగక, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వచ్చే పిల్లల్లో లోపల ఇంకేదో జబ్బు ఉండొచ్చు, దాన్ని వెతకాలి.

"ఇది ఎగ్జిమా అమ్మా. ఎటోపిక్ డెర్మటైటిస్ అంటాం. రక్తపరీక్ష ఏమీ అక్కర్లేదు."

ఈ జబ్బుని గుర్తించడానికి ల్యాబ్ ఉండదు. 1980లో హానిఫిన్, రాజ్కా అనే ఇద్దరు వైద్యులు దీని గుర్తుల పట్టిక తయారుచేశారు: దురద, వయసుని బట్టి మచ్చలొచ్చే చోట్లు, తగ్గుతూ తిరగబెడుతూ ఉండటం, ఇంట్లో ఉబ్బసమో అలర్జీయో ఉండటం. ఆ నాలుగూ ఇప్పటికీ రోగనిర్ధారణకి మూలస్తంభాలే.

"అయితే వేడి చేసింది కాదంటారా?" అమ్మమ్మ ఉండబట్టలేక అడిగింది.

డాక్టరమ్మ కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది. ఈ కదలికని గమనించండి. ఇప్పటిదాకా తల్లితో మాట్లాడుతున్న మనిషి, పిల్లాడికి రోజూ ఒళ్లు తోమేది ఎవరో కనిపెట్టింది.

"మీదే ఊరమ్మా?"

"తెనాలి."

"వరి కోసేశాక మీ మాగాణి నేల ఎట్లా ఉంటుంది?"

"నెర్రెలిచ్చుద్ది."

"వీడి చర్మమూ అంతే. లోపలి తడి ఆ నెర్రెల్లోంచి ఆవిరైపోతోంది. బయటి సబ్బు, దుమ్ము, క్రిములు వాటిల్లోంచే లోపలికి దిగుతున్నాయి. దిగినచోటల్లా మంట, దురద. వీడు రుద్దుకుంటే నెర్రె ఇంకా పెద్దదవుతుంది."

అమ్మమ్మ తలాడించింది. డాక్టరమ్మ చెప్పినదాని వెనక పెద్ద కథే ఉంది. 2006లో స్కాట్లండ్‌లోని డండీ పరిశోధకులు, మరికొందరితో కలిసి, ఫిలగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలున్నవాళ్లకి ఎగ్జిమా వచ్చే అవకాశం చాలా ఎక్కువని చూపించారు. చర్మం పైపొరని కట్టుగా, తడిగా ఉంచేది ఆ ప్రొటీన్. అందరు రోగుల్లోనూ ఆ లోపం ఉండదు, అది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. కానీ ఆలోచన మాత్రం అక్కడ మలుపు తిరిగింది. పాలిచ్చే తల్లి తిన్న కూరకీ ఈ బుగ్గకీ మధ్య ఇల్లిల్లూ ముడేసిన లంకె అంత గట్టిది కాదు.

తల్లి ఏమేం మానేసిందో చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఈరోజు మధ్యాహ్నం నుంచి అన్నీ తినండి. వంకాయతో సహా. పాలు తాగండి, గుడ్డు తినండి. బాబుకి మీ పాలు ఆపకండి." ఏదైనా తాగిన, తిన్న కొన్ని నిమిషాల నుంచి ఓ రెండు గంటల్లోపు ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదాలు ఉబ్బినా, వాంతులైనా అది అలర్జీ అని, అప్పుడు వేరే లెక్క అని చెప్పింది. అలాంటిదేమీ జరగని పిల్లాడికి ఊరికే అలర్జీ పరీక్షలు చేయిస్తే పాజిటివ్ అని వచ్చిన ప్రతిదీ మానేసి, చివరికి పిల్లాడూ తల్లీ బక్కచిక్కడమే మిగులుతుంది.

తల్లి మొహం చూడండి. ఏడవడం లేదు, నవ్వడమూ లేదు. రెండు నెలలుగా తన నోటి వల్లే ఇది జరుగుతోందని నమ్మిన మనిషి. నేరం తనది కాదని ఒకరు తెల్లకోటు వేసుకుని, అమ్మ ఎదురుగా చెప్పడం ఆ ఇంట్లో మొదటి మందు.

అప్పుడు తండ్రి సంచీలోంచి ఓ ట్యూబ్ తీశాడు. వీధి చివర మందుల షాపులో "చర్మానికి" అని అడిగితే ఇచ్చారట. నాలుగు రోజులు రాస్తే మాయమైంది, ఆపగానే రెట్టింపై వచ్చింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి సన్నటి అక్షరాలు చదివింది: క్లోబెటాసోల్, జెంటామైసిన్, మైకోనజోల్. ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. ఆ స్టెరాయిడ్ పూతమందుల్లో అన్నిటికన్నా తీవ్రమైన తరగతిది. పసివాడి బుగ్గ మీద రోజుల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది, ఒంట్లోకి ఇంకుతుంది, ఎక్కువైతే ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. ఇలాంటివి విచ్చలవిడిగా అమ్ముతున్నారని చర్మవైద్యుల సంఘం ఏళ్లపాటు పోరాడితే, 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. కౌంటర్ మీద ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఇలాంటి ట్యూబ్ కనిపిస్తే వెనక రాసింది చదవండి. ఇది మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఆవిడ రాసిచ్చినది చూసి తండ్రి ఉలిక్కిపడ్డాడు. "మళ్లీ స్టెరాయిడేనా?"

"అవును. హైడ్రోకార్టిసోన్, 1 శాతం. పసిపిల్లలకి వాడే మెత్తటి రకం."

భయపడి అరకొరగా రాసి, మంట ఆరక, పిల్లాడు నెలల తరబడి నిద్రకి దూరమవడం మనదగ్గర రెండో తప్పు. మొదటి తప్పు ఎంత పెద్దదో ఇదీ అంతే. రోజుకి రెండుసార్లు, గరుకు ఉన్నచోటే, నున్నబడేదాకా. నున్నబడ్డాక ఆపెయ్యాలి. వారంలో దారికి రాకపోతే తిరిగి రావాలి. ఎంత రాయాలో ఆవిడ తండ్రి వేలి మీదే చూపించింది: ట్యూబులోంచి చూపుడు వేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులు, వేళ్లతో సహా, ఎంత మేర ఆక్రమిస్తాయో అంత చర్మానికి అది చాలు. ఈ వయసు బాబుకి మొహానికీ మెడకీ కలిపి ఒక వేలి కొలత. 1991లో బ్రిటన్‌లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు పెట్టిన ఈ కొలత, "పలచగా రాయండి" అనే అర్థంకాని మాట నుంచి తల్లిదండ్రుల్ని బయటపడేసింది.

నిద్రపట్టడానికి దురద సిరప్ ఏదైనా ఇమ్మని తల్లి అడిగితే వద్దంది. ఆరు నెలలు నిండని పిల్లలకి మత్తునిచ్చే సిరప్‌లు మంచివి కావు. మంట తగ్గితే నిద్ర అదే వస్తుంది.

"మరి నేను లాల పోయొచ్చా డాక్టరమ్మా?" అమ్మమ్మ గొంతులో భయం ఉంది.

"మీరే పొయ్యాలి."

సాయంత్రం ఆరున్నర. అదే బాత్రూమ్, అదే పీట, అవే కాళ్లు. కిటికీ మూశారు. గీజర్ నీళ్లలో చన్నీళ్లు కలిపి అమ్మమ్మ అలవాటుగా వేళ్లతో చూసింది, ఆగి, మోచెయ్యి ముంచింది. వేళ్లు కాయకాచినవి, వేడి తెలీదు. మోచేతికి తెలుస్తుంది. ఇంకో చెంబు చన్నీళ్లు పోసింది. నీళ్లు గోరువెచ్చన దాటకూడదు.

ఇవి బోరునీళ్లు. బకెట్ అంచున తెల్లటి చార గట్టిపడి ఉంది. ఈ ఉప్పునీళ్లే కారణమేమో, ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టిద్దామా అని తండ్రి గుమ్మంలోంచి అడుగుతున్నాడు. ఉప్పునీళ్లున్న చోట ఎగ్జిమా ఎక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ బ్రిటన్‌లో 336 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, నీళ్ల సాఫ్ట్‌నర్ పెట్టించిన ఇళ్లలో పిల్లలకి అదనంగా ఒరిగిందేమీ లేదు. ఆ డబ్బు క్రీముకి దాచుకోవడం మేలు.

నలుగు గిన్నె ఇవాళ లేదు. పిండి రాపిడికి చిట్లిన చర్మం ఇంకా చిట్లుతుంది. పైగా శనగలు, పెసలు లాంటి తిండి గింజల ప్రొటీన్లు పగిలిన చర్మంలోంచి లోపలికి వెళితే అలర్జీ మొదలయ్యే ప్రమాదం ఉందని వైద్యులు అనుమానిస్తారు. దాని బదులు వాసన లేని, నురగ రాని మెత్తటి క్లెన్సర్, మడతల్లో మాత్రం కాస్త. అమ్మమ్మకి నురగ రాకపోతే తోమినట్టే ఉండదు, అయినా తమాయించుకుని ఊరుకుంది. ఐదు నిమిషాలు దాటాయి. బాబు ఏడవలేదు. నీళ్లని తపతపా కొడుతున్నాడు. "చాలమ్మా, పదిలోపే అన్నారు" అని కూతురు గుర్తుచేసింది.

తువ్వాలు. రుద్దలేదు, ఒత్తింది, అద్దింది. ఒళ్లు ఇంకా కాస్త తడిగానే ఉంది. అసలు పని ఇప్పుడుంది. చర్మంలోకి చేరిన తడి ఆవిరైపోకముందే, మూడు నిమిషాల్లోపు మూత వెయ్యాలి. కూతురు డబ్బా విప్పింది, వాసన లేని చిక్కటి తెల్లటి క్రీము. ఆమె వేలితో కొంచెం తీసి పూయబోతే అమ్మమ్మ డబ్బా తన వైపు లాక్కుంది. పిడికిట్లో పట్టేంత తీసి, అరచేతుల్లో వెచ్చబరచి, భుజం నుంచి మణికట్టు దాకా, తొడ నుంచి మడమ దాకా, వెంట్రుకలు మొలిచిన వైపుకే జార్చింది. అటూ ఇటూ రుద్దలేదు. నూనె పెట్టినన్నాళ్లూ ఆ చేతులు చేసిన పనే ఇది. ఎవరూ నేర్పక్కర్లేదు. బుగ్గల మీద పూసేటప్పుడు ఊపిరి బిగపట్టింది. గరుకు ఉన్నచోట స్టెరాయిడ్ తర్వాత పూశారు, పావుగంట ఆగి. రెండింటిలో ఏది ముందన్నది పెద్ద విషయం కాదు, మధ్యలో కాసేపు వ్యవధి ఇస్తే చాలు.

క్రీమా, లోషనా, జెల్లా, ఆయింట్‌మెంటా, ఏ రకం మంచిది? బ్రిటన్‌లో 550 మంది పిల్లల మీద చేసి 2022లో వెలువరించిన పరీక్షలో నాలుగు రకాలూ ఒకేలా పనిచేశాయి. ఇంట్లో ఎవరికి ఏది రాయబుద్ధవుతుందో అదే మంచిది. అమ్మమ్మ కొబ్బరినూనెనీ చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లో పిల్లల మీద చేసిన పరీక్షలో, వేడిచెయ్యకుండా తీసిన కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. ఖరీదైన క్రీము కొనలేని ఇంట్లో అదీ, పెట్రోలియం జెల్లీ కూడా మంచి తోడు. ఆలివ్ నూనె మాత్రం వద్దు, అది చర్మం కట్టుని ఇంకా వదులు చేస్తుంది. ఆవనూనె కూడా మండిస్తుంది.

హాల్లో నిప్పులు వెలిగించలేదు. సాంబ్రాణి, అగరొత్తి, దోమల చుట్ట, పౌడర్, అన్నీ ఇవాళ్టి నుంచి ఈ గదిలోకి రావు. దిష్టిచుక్క ఎక్కడ పెట్టాలన్న దానిపై కాసేపు చర్చ జరిగి, అరికాలికి ఖాయమైంది. చొక్కా పల్చటి నూలుది, సబ్బు మిగలకుండా ఇంకోసారి జాడించింది. గోళ్లు అడ్డంగా కత్తిరించారు.

ఆ రాత్రికే అద్భుతం జరగదు. రెండింటికి మళ్లీ లేచాడు. తల్లి చల్లటి చెయ్యి బుగ్గకి ఆనించి, ఇంకాస్త క్రీము పూసి పడుకోబెట్టింది. ఐదో రోజుకి బుగ్గ నున్నబడింది. ఆరో రోజు ఏడు గంటలు ఏకబిగిన నిద్రపోయాడు. ఆ ఇంట్లో నలుగురూ నిద్రపోయారు.

పది రోజులకి మళ్లీ వచ్చింది. చొంగ కారుతోంది, గడ్డం కింద కందిపోయింది. తల్లి ఫోన్లో కంగారుగా "మందు పనిచెయ్యలేదు" అంది. పనిచేసింది. ఎగ్జిమా వచ్చి పోతూ ఉండే జబ్బు. పళ్లొచ్చినా, జలుబు చేసినా, ఎండుగాలి తగిలినా, ఉక్కపోసినా తిరగబెడుతుంది. చొంగకి విరుగుడుగా పాలు పట్టే ముందు మూతి చుట్టూ పెట్రోలియం జెల్లీ రాస్తున్నారు. గరుకు తగిలిన రోజు స్టెరాయిడ్ మొదలు, నున్నబడ్డాక బంద్. క్రీము మాత్రం బుగ్గ బాగున్న రోజున కూడా రెండుపూటలా పడుతోంది. ఇళ్లలో ఎక్కువగా జారిపోయేది ఇదే, తగ్గింది కదాని డబ్బా అటక మీదికి వెళ్తుంది.

జనవరి మొదటి వారంలో మళ్లీ ఓపీకి వెళ్లేసరికి కొత్త భయం. బుగ్గల మీద గరుకు పోయినచోట తెల్లటి మచ్చలు. నాయనమ్మ వీడియో కాల్‌లో చూసి "బొల్లి కాదు కదా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లి అన్నం ముట్టలేదు. డాక్టరమ్మ భూతద్దంతో చూసింది. అంచులు కలిసిపోయి ఉన్నాయి, పాలతెలుపు కాదు. మంట ఆరినచోట రంగు కొన్నాళ్లు వెనకబడుతుంది, కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. మన ఒంటిరంగు పిల్లల్లో ఇది మామూలు. కొందరికి ఇలాగే నల్లమచ్చ మిగిలి పోతుంది, అదీ తగ్గేదే.

తిండి గురించి కూడా ఆరోజే చెప్పింది. ఎగ్జిమా పిల్లలకి గుడ్డు, వేరుశనగ ఆలస్యంగా పెట్టాలన్నది పాత సలహా. 2015లో లండన్ వైద్యుల లీప్ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. ఎగ్జిమా బాగా ముదిరిన, లేదా గుడ్డు పడని పసివాళ్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 11 నెలలలోపే వేరుశనగ తినిపించడం మొదలుపెట్టారు, ఇంకో జట్టుకి ఐదేళ్లదాకా పెట్టలేదు. తిన్న జట్టులో వేరుశనగ అలర్జీ 80 శాతానికి పైగా తక్కువ. మన బాబుది ముదిరిన ఎగ్జిమా కాదు గనక, ముందు అన్నం, పప్పు పడ్డాక, మెత్తగా నూరిన వేరుశనగని జావలోనో పెరుగులోనో కలిపి కొంచెంగా మొదలుపెట్టమంది. బాగా ఉడికిన గుడ్డు కూడా అలాగే. గింజ మాత్రం ఐదేళ్లదాకా నోట్లో పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. ముదిరిన ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే ఇంట్లో ప్రయోగం వద్దు, డాక్టర్ని అడిగాకే. టీకాలన్నీ వేళకి వేయించాలి, ఎగ్జిమా అడ్డు కాదు.

బయల్దేరబోతుంటే ఆపి రెండు జాగ్రత్తలు చెప్పింది. గరుకు మీద తేనెరంగు పెచ్చు కట్టినా, రసి కారినా, చుట్టూ వేడెక్కినా బ్యాక్టీరియా చేరినట్టు, ఆరోజే చూపించాలి. ఒకే సైజులో నీటిపొక్కులు గుంపుగా లేచి, చితికి, గుండ్రటి గుంటలు పడి, జ్వరంతో పిల్లాడు వాడిపోతే రాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. పెదవి మీద జ్వరం పొక్కు తెప్పించే హెర్పిస్ క్రిమే ఎగ్జిమా చర్మం మీద అంతపనీ చేస్తుంది. "పండక్కి వెళ్తున్నారుగా. మూతి మీద పొక్కు ఉన్నవాళ్లెవరూ బాబుని ముద్దుపెట్టుకోకుండా చూడండి."

తెనాలి. భోగి తెల్లవారుజాము. వీధిలో మంట లేచింది, పాత తలుపుచెక్కలు చిటపటమంటున్నాయి. బాబు మంట దగ్గరికి రాలేదు, పొగ రాని వెనక గదిలో తల్లి పక్కన ఉన్నాడు. డెల్టా గాలిలో తేమ ఉంది, ఒళ్లు హైదరాబాద్‌లో కన్నా మెత్తగా తగులుతోంది. సాయంత్రం భోగిపళ్లకి పట్టుపంచె కడితే లోపల నూలు లాగు వేశారు, జరీ అంచు ఒరుసుకోకుండా. మేనమామ వరస అయిన ఒకాయన పెదవి మీద పొక్కుతో వంగబోతే అమ్మమ్మ మధ్యలో నిలబడింది. "చెయ్యి ఊపు నాయనా, ముద్దు ఉగాదికి పెడుదువుగాని." ఆయన నవ్వి చెయ్యి ఊపాడు.

కనుమ నాటికి నాయనమ్మ, తాతయ్య వచ్చారు. మధ్యాహ్నం విస్తట్లో గుత్తివంకాయ కూర. నాయనమ్మ గరిటె పట్టుకుని కోడలి విస్తరి దగ్గర ఆగింది. "వెయ్యండి అత్తయ్యా" అని కోడలు విస్తరి ముందుకు జరిపింది. రెండు కాయలు పడ్డాయి. పెద్దావిడ ఏమీ అనలేదు, పక్కనే ఉయ్యాల్లో ఉన్న మనవడి వైపు ఓసారి చూసి, మూడో కాయ కూడా వేసింది.

చీకటి పడే వేళకి లాల అయింది. నాయనమ్మ మంచం పట్టె మీద కూర్చుని గాజులు మోచేతి పైకి తోసుకుంది.

"వచ్చే నెల మా దగ్గరికి వస్తాడుగా. నాకూ చూపించమ్మాయ్."

కోడలు డబ్బా అందించింది. ఆవిడ రెండు వేళ్లతో చిటికెడు తీసింది.

"అది ఒక చేతికే అత్తయ్యా. ఒళ్లంతటికీ గుప్పెడు తియ్యండి."

"అంతా? డబ్బా నాలుగు రోజులు కూడా రాదు."

"రాకూడదనే చెప్పారు. వారానికి వంద గ్రాములు దాటాలట. ఇంకో రెండు డబ్బాలు మీ సంచీలో పెట్టాను."